నాలుగో బిళ్ల

"పెట్టెలో ఛార్జరు లేదా?"

బిళ్లల సారు వేసిన కేకకి షాపులో పక్క కౌంటర్ల వాళ్లు కూడా తల తిప్పారు. ఫోను అమ్ముతున్న అమ్మాయి మాత్రం చలించలేదు. రోజూ ఎవరో ఒకరు ఇలా అరుస్తూనే ఉంటారు కాబోలు.

"ఇప్పుడెవరూ ఇవ్వట్లేదు సార్. విడిగా కొనుక్కోవాలి."

"సరే, బ్యాటరీ ఎలా ఊడదీయాలి?"

"ఊడదు సార్. కానీ అప్‌డేట్లు ఐదేళ్లు వస్తాయి."

"ఆ తర్వాత?"

"కొత్త ఫోను కొనుక్కోవడమే."

"ఇది పాడవకపోయినా?"

అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వలేదు. తాను ఉద్యోగంలో చేరిన రోజున ఉన్న డ్రిల్లు మిషనే ఇవాళ్టికీ స్టోరులో తిరుగుతోంది మరి.

ఆయన ఒక యంత్రాల ఫ్యాక్టరీలో పనిముట్ల స్టోరు చూస్తాడు. గోడ నిండా మేకులు, మేకుకో పనిముట్టు. ఎవరైనా స్పానర్ తీసుకెళ్లాలంటే తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఆ మేకుకి తగిలించి వెళ్లాలి. స్పానర్ తిరిగొస్తేనే బిళ్ల చేతికొస్తుంది. గోడకేసి ఒక్క చూపు చూస్తే చాలు, ఏది ఎవరి దగ్గరుందో ఆయనకి తెలిసిపోతుంది. ఒకసారి మేనేజరే స్క్రూడ్రైవర్ కోసం వస్తే "బిళ్లేది సార్?" అని అడిగి, లేదంటే ఆయన చేతిగడియారం విప్పించి మేకుకి తగిలించాడు. పేరు అలా స్థిరపడింది.

ఇప్పుడా ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోతోంది. వస్తారా అని కంపెనీ అడిగితే అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి భార్యతో, "పై నెల్లో వెళ్లిపోతున్నాం" అన్నాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. చేతి కుట్టుమిషను మీద మూత బిగించి వంటింట్లోకి వెళ్లింది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే సరుకు పాసైనట్టే. ఆయన లెక్క అది.

కొత్త స్టోరులో ఇత్తడి బిళ్లలుండవట. పనిముట్టు మీది కోడ్‌ని ఫోనుతో స్కాన్ చేసి ఇవ్వడమే. అందుకే బటన్ల ఫోనుని వదిలి ఈ షాపు మెట్లెక్కాల్సి వచ్చింది. బ్యాటరీ పెద్దదీ, కెమెరా మామూలుదీ చూసి ఒక ఫోను తీసుకున్నాడు. పడినా పగలని కవరు, ప్రయాణానికో పవర్ బ్యాంకు, కొత్తింట్లో ప్లగ్గులు ఎక్కడుంటాయో ఏమోనంటూ పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా తీసుకున్నాడు.

"ఇల్లు మారుతున్నారు కదా సార్, ఇవి కూడా చూడండి" అంటూ ఆ అమ్మాయి గుండ్రటి తెల్ల బిళ్లలు నాలుగు ముందు పెట్టింది. "ట్రాకర్లు. ఏ పెట్టెలో పడేస్తే ఆ పెట్టె ఎక్కడుందో మీ ఫోనులో చుక్కలా కనిపిస్తుంది."

"పెట్టె దూరంగా వెళ్లిపోతే?"

"దారిన పోయేవాళ్ల ఫోన్లు పసిగట్టి మీకు కబురు చేస్తాయి. ఆ సంగతి వాళ్లకే తెలీదు."

ఆయన నోరు తెరిచినవాడు కాసేపు మూయలేదు. జీవితమంతా మేకులకి బిళ్లలు తగిలించిన మనిషికి, తమ జాడ తామే చెప్పే బిళ్లలున్నాయంటే మాటలా? నాలుగూ కొనేశాడు.

ఆ సాయంత్రమే ఒకటి టీవీ పెట్టెలో, ఒకటి సర్టిఫికెట్ల సూట్‌కేసులో, ఒకటి తన సొంత పనిముట్ల డబ్బాలో వేశాడు. నాలుగోది కుట్టుమిషను అడుగున టేపుతో అంటించాడు. భార్య వంటింట్లోనే ఉంది. చెప్పాలని ఆయనకి తోచలేదు. బిళ్ల వేసేటప్పుడు పనిముట్టుని అడుగుతామా?

మర్నాడు మధ్యాహ్నం స్టోరులో గేటు వాచ్‌మన్‌కి కొత్త ఫోను చూపిస్తూ చుక్కలు తెరిచాడు. మూడు చుక్కలు ఇంట్లో ఉన్నాయి. నాలుగోది బస్టాండు వెనక సందులో ఉంది.

"ఇదేంటి, మిషను అక్కడుందేంటి?"

భార్యకి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఒక్క స్పానర్ పోనివ్వని మనిషి ఇంట్లో దొంగలు పడ్డారు! స్కూటరు తాళం తీసుకుని గేటు వైపు పరిగెత్తాడు.

"ఒక్కరే వెళ్లకండి సార్, వాళ్ల దగ్గర కత్తులూ గట్రా ఉంటాయి" అని వాచ్‌మన్ కర్ర పట్టుకుని స్కూటరెక్కాడు.

సందులో టైర్ల కొట్టు, పక్కనే ఇరుకు మెట్లు. పైన ఒక తలుపు. ఫోనులో శబ్దం గుర్తు నొక్కితే తలుపు వెనక కీచుమని మోగింది. బిళ్లల సారు భుజంతో తలుపు నెట్టాడు.

"వచ్చాడు! వాడే!" అని లోపల నలుగురు ఆడవాళ్లు ఒక్కసారిగా లేచారు. ఒకామె చేతిలో గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర, ఇంకొకామె చేతిలో గజం కర్ర, మూడో ఆమె చేతిలో వేడి వేడి ఇస్త్రీపెట్టె. నాలుగో ఆమె మెడలో టేపు వేలాడుతోంది.

"ఆగండాగండి! మా ఆయనే!" అంది టేపు మెడలో ఉన్నామె.

"అయ్యో, బావగారా!" కత్తెర కిందికి దిగింది గానీ పూర్తిగా దిగలేదు.

బల్ల మీద తెల్ల బిళ్ల ఇంకా మోగుతూనే ఉంది.

"పొద్దుట్నుంచీ నా ఫోను ఒకటే గోల, ఎవరిదో ట్రాకరు నా వెంట వస్తోందని" అంది భార్య. "ఎవడో వెంటపడుతున్నాడని గుండె ఆగినంత పనైంది. ఒక బస్సు దిగి ఇంకో బస్సెక్కి వచ్చాను. ఇక్కడ మిషను తిరగేస్తే కింద ఇది. మీరా పెట్టింది?"

"నేను మిషనుకి పెట్టాను. నీకు కాదు."

"మిషను కాళ్లొచ్చి నడిచొచ్చిందా మరి?"

ఇస్త్రీపెట్టె ఆమె నవ్వాపుకోలేక అటు తిరిగింది. బిళ్లల సారు అప్పుడు గది చూశాడు. కుట్టుమిషన్లు వరసగా ఉన్నాయి. స్కూలు యూనిఫాం చొక్కాలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి.

"ఇదెవరి గది?"

"మాదే."

"ఎప్పట్నుంచీ?"

"రెండేళ్లు దాటింది బావగారూ" అంది కత్తెర ఆమె. "నిజంగా మీకు తెలీదా?"

భార్యకి ఎప్పట్నుంచో స్మార్ట్‌ఫోను ఉంది. దాంతో ఆమెకి పనేమిటో ఆయన ఏనాడూ అడగలేదు. గుడ్డల మూట మీద కూలబడ్డాడు.

"మరి ఇంట్లో మిషను ఇవాళెందుకు తెచ్చావు?"

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"లారీ ఎక్కకుండా ఉండాలని" అంది ఆమె. "అదీ ఇక్కడే ఉంటుంది, నేనూ ఇక్కడే ఉంటాను."

వాచ్‌మన్ కర్ర చంకలో పెట్టుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయాడు.

"నాకెప్పుడు చెబుదామని?"

"మీరెప్పుడు అడుగుతారా అని చూశాను. అట్టపెట్టెలన్నిటికీ నంబర్లేశారు. ఒక్కనాడైనా నన్ను వస్తావా అన్నారా?"

ఆయన మూట మీంచి లేచాడు. "వస్తావా?" అన్నాడు.

"రాను. స్కూళ్లు తెరిచేదాకా తలెత్తే తీరిక లేదు. తర్వాత సంగతి అప్పుడు చూద్దాం. ఆదివారాలు బస్సుందిగా, రండి. ముందు దీన్ని మీ ఫోన్లోంచి తీసేయండి."

ఎలా తీయాలో ఆయనకి తెలీదు. కత్తెర ఆమె ఫోను లాక్కుని చకచకా నొక్కేసింది. "ఫోను బాగుంది బావగారూ. ఛార్జరిచ్చారా?"

"ఇవ్వలేదు."

"ఇప్పుడెవరూ ఇవ్వట్లేదు."

లారీ వచ్చిన రోజు సగం ఇల్లే ఎక్కింది. ఒక మంచం, రెండు గిన్నెలు, టీవీ. టీవీ తీసుకెళ్లమని ఆమే పట్టుబట్టింది. ఆయన చేతిసంచి పట్టీ ఊడొస్తే నిలబడే నాలుగు కుట్లేసి ఇచ్చింది. ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

ఊరు దాటి చాలా దూరం వెళ్లాక జేబులో ఫోను అదిరింది. మీది కాని ట్రాకరు ఒకటి మీతో పాటే ప్రయాణిస్తోందని తెరమీద వచ్చింది. ఆయన ఉలిక్కిపడి సీటు కింద వెతికాడు, చొక్కా జేబులు తడిమాడు, డ్రైవర్ని అనుమానంగా చూశాడు. చివరికి సంచి పట్టీ దగ్గర వేలికి గుండ్రంగా గట్టిగా తగిలింది. చుట్టూ సన్నటి కుట్టు, యూనిఫాం చొక్కాలకి వేసే నీలం దారం.

వెంటనే ఫోను చేశాడు. "ఏమిటే ఇది?"

"సరుకు బయటికెళ్తే బిళ్ల ఉండాలన్నది మీరేగా" అంది. వెనకాల మిషన్లు గడగడలాడుతున్నాయి.

"అయితే మాత్రం! నాకో మాట చెప్పి పెట్టొచ్చుగా?"

అవతల మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో తానన్న మాట తన చెవికే తగిలి, బిళ్లల సారు ఫోను అలాగే పట్టుకుని బిగుసుకుపోయాడు.

తర్వాత నలుగురు ఆడవాళ్లూ ఒకేసారి నవ్వారు. స్పీకరు పెట్టి ఉందని ఆయనకప్పుడు తెలిసింది.