అమ్మ ఈకల దిండు

ఈకల దిండు మంచిదేనా అని ఎవరైనా అడిగితే, మెడకు మంచిది, ముక్కుకు కాదు అని చెబుతాను. అంతకు మించి చెప్పమంటే మా అమ్మ సంగతి ఎత్తాలి.

ఆ దిండు కొన్నది నేనే, అమ్మ కోసం. ఫిల్మ్ నగర్‌లో అద్దె ఫ్లాట్‌లో మేమిద్దరమే ఉండేవాళ్లం. అమ్మకు మెడనొప్పి. అయినా ఊరి నుంచి తెచ్చుకున్న బూరుగుదూది దిండు వదిలేది కాదు. అందులో దూది ఎప్పుడో ఉండలు కట్టేసి, తల పెడితే ఇటుక మీద పెట్టినట్టుండేది. చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకరోజు జూబ్లీహిల్స్‌లో పరుపులమ్మే షాపుకెళ్లి ఈకల దిండు ఒకటి తెచ్చాను. దాని ధర విన్నాక రెండోది కొనడానికి ధైర్యం చాల్లేదు.

అమ్మ దాన్ని చేత్తో నొక్కి చూసి, "ఇందులో ఎన్ని కోళ్లున్నాయే?" అంది. కోళ్లు కావు, బాతులన్నాను. ఏవైతేనేం, కూర వండుకుంటాం గానీ వాటి ఈకల మీద తల పెట్టుకుంటామా అని దాన్ని కుర్చీలో పడేసింది. కొన్నాళ్లకు ఓ మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి దాని మీదే గుర్రు పెట్టి నిద్రపోతోంది. పాత దిండు అటకెక్కింది.

ఆ దిండు సుఖాలన్నీ అమ్మను చూసి తెలుసుకున్నవే. తల ఎటు తిప్పితే అటు ఒదుగుతుంది. మెడ కిందికి కావలసినంత లాక్కోవచ్చు, మడిచి వీపు వెనక పెట్టుకుని టీవీ చూడొచ్చు. అమ్మ మెడకు మందు రాసుకోవడం మానేసింది. బాధలూ తక్కువేం కాదు. తెల్లారేసరికి అణిగిపోతుంది కాబట్టి రోజూ రెండు వైపులా తట్టాలి. చంటిపిల్లకన్నా ఎక్కువ చాకిరీ చేయించుకుంటోందని అమ్మ విసుక్కుంటూనే తట్టేది. గలీబులోంచి ఈక మొనలు పొడుచుకొచ్చి చెంపకు గుచ్చుకుంటాయి. ఇంట్లో ఉతకడానికి లేదు. వానాకాలంలో తడిసిన కోడి వాసన. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతుంటే అమ్మ కొప్పులో తెల్లటి ఈక కనబడింది. తీద్దామని చెయ్యి పెడితే, కళ్లు తెరవకుండానే చేతి మీద ఒక్కటేసింది.

నాది డబ్బింగ్ పని. తెలుగు రాని హీరోయిన్లకు గొంతిస్తాను. తెర మీద కన్నీళ్లు వాళ్లవి, ఏడుపు నాది. వెక్కిళ్లు ఎక్కడ పడాలో, ముక్కు ఎక్కడ ఎగబీల్చాలో, మాట ఎక్కడ విరగాలో నాకు నిద్రలో అడిగినా తెలుసు. ఏడుపు సీనుంటే నన్నే పిలవమనేంత పేరు కూడా ఉంది.

ఊపిరితిత్తులకు నెమ్ము చేరి అమ్మ ఆసుపత్రిలో పోయింది. నాకు ఏడుపు రాలేదు. సమాధుల తోటలో అందరూ పాట పాడుతుంటే నేను పాస్టరుగారి బూట్లకంటిన ఎర్రమట్టి చూస్తూ నిలబడ్డాను. నా వెనక ఎవరో ఆవిడ, సినిమాల్లో అంత బాగా ఏడుస్తుంది, కన్నతల్లికి ఒక్క చుక్క రాల్చలేదు చూడు అంది. కోపం రావాలి. అదీ రాలేదు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేముంది అనుకున్నాను.

మోతీనగర్‌లో ఉండే పిన్ని నాతో పాటు ఇంటికొచ్చి, నా పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది. "ఏడవ్వే తల్లీ. లోపల పెట్టుకోకు" అంది. ప్రయత్నిస్తున్నాను పిన్నీ అన్నాను, ఏదో పరీక్షకు చదువుతున్నట్టు.

ఆ రోజు నుంచే అమ్మ దిండు మీద పడుకోవడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను, మంచం మీద అది ఖాళీగా ఉంది. మర్నాడు లేచేసరికి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. ఆ మర్నాడూ అంతే. చర్చివాళ్లు ఇంటికొచ్చి అమ్మ కోసం ప్రార్థన చేసే ఆదరణ కూడిక నాటికి రెప్పలు వాచిపోయాయి. పిన్ని నా మొహం చూసి, హమ్మయ్య, ఇప్పటికి కరిగింది పిల్ల అని తనూ ఏడ్చింది. సమాధుల తోటలో ఆ మాటన్న ఆవిడే వచ్చి నన్ను కావలించుకుంది. నాకు లోపల ఎప్పటిలాగే ఏమీ లేదు. అయినా ఊరట కలిగింది. నాకు చేతకాకపోయినా నా ఒళ్లన్నా అమ్మ కోసం ఏడుస్తోంది కదా అనుకున్నాను.

మళ్లీ పనిలోకి వెళ్లాను. సగం పూర్తయిన సినిమా, మిగిలింది తల్లి శవం మీద పడి కూతురు ఏడ్చే సీను. నాలుగు మాటలు చెప్పగానే రికార్డింగ్ ఇంజనీరు ఆపేశాడు. "మేడమ్, జర ముక్కు పట్టినట్టు వస్తుంది. మొదటి సగంల గొంతు గిట్ల లేకుండె" అన్నాడు. ఆవిరి పట్టాను, మిరియాల పాలు తాగాను. గొంతు తేలలేదు. డైరెక్టరు మర్యాదగానే చెప్పాడు, వారం చూస్తామండీ, ఆపైన వేరే గొంతు పెట్టుకోక తప్పదని.

డాక్టరు దగ్గరికెళ్తే, ఇంట్లో కుక్క ఉందా, తివాచీ ఉందా అని అడిగి చివరికి దిండు దగ్గరికొచ్చాడు. ఈకలన్నాను. ఇంకేం, అలర్జీ అన్నాడు.

"కళ్లలో నీళ్లు కూడా దానివల్లేనా?" అని అడిగాను.

"దానివల్లేనండీ. దిండు మార్చండి, ఆగిపోతాయి" అన్నాడు, మంచి కబురు చెబుతున్నట్టు.

అలర్జీ మాత్రల చీటీ తీసుకుని బయటికొచ్చాను. నాకున్న ఏడుపు అదొక్కటే. అది కూడా నాది కాదట.

అటక మీంచి బూరుగుదూది దిండు దింపాను. మెడ పట్టేసింది, ముక్కు వదిలింది. పొద్దున్నే కళ్లు శుభ్రంగా, పొడిగా ఉన్నాయి. తల్లి శవం సీను ఒక్క టేకులో చెప్పేశాను. అద్దం అవతల ఇంజనీరు చేతులు కట్టుకుని తల దించుకున్నాడు. గుండె పిండేశారండీ అన్నాడు డైరెక్టరు. నేను వేడినీళ్లు అడిగి తాగి, తర్వాతి ముక్క వెయ్యమన్నాను.

ఆ సాయంత్రం పిన్ని ఫోన్ చేసి, ఏడుపు కాస్త తగ్గిందా అని అడిగింది.

"తగ్గింది పిన్నీ" అన్నాను.

"పోన్లే, అమ్మక్కూడా అదే ఇష్టం" అంది.

ఈకల దిండును అమ్మ పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టాను. ఆదివారం డబ్బింగ్ ఉండదు కాబట్టి, శనివారం రాత్రి మాత్రం దాన్ని తీసి, రెండు వైపులా తట్టి, దాని మీద పడుకుంటాను. అలర్జీ మాత్ర వేసుకోను. మర్నాడు చర్చిలో ప్రార్థన మధ్యలో కళ్లు కారుతుంటే పక్కనున్నవాళ్లు చేతిరుమాలు అందిస్తారు. అవి దిండు తెప్పించే నీళ్లని నాకు తెలుసు. అమ్మ కోసం నాకు వచ్చేవి అవే.