మాస్టారి మాటలు మోసిన లాప్‌టాప్

మా కంప్యూటర్ మాస్టారు శుక్రవారం పోయారు. ఫరంపేటలో ఆటో దిగుతుంటే డ్రైవరే చెప్పాడు: "మీ మాస్టారు పోయారంటండి. ఇప్పుడే చర్చి గంట కొట్టేరు." కాలేజీకి వెళ్లబోతున్నదాన్ని, వెనక్కి తిరిగాను.

యానాంలో నాకూ, నాలాంటి ఎందరికో కంప్యూటర్ మూత విప్పి చూపించింది ఆయనే. బోర్డు మీద గోరంత చిప్పును స్క్రూడ్రైవర్ మొనతో తాకేవారు. "మీట నొక్కగానే ప్రాసెసర్ ముందు దీన్నే చదువుద్దర్రా. ఇందులో ఉన్న ఫర్మ్‌వేర్ లేపితేనే మిగతావన్నీ లేస్తాయి. కంపెనీవాడు దాన్ని మూసిపెట్టి ఇచ్చాడనుకోండి, ఇల్లు మనదీ, తాళంచెవి వాడిదీ!" అనేవారు. మూత బిగించాక ఒక్క స్క్రూ మిగిలినా మళ్లీ మొదట్నుంచీ విప్పించేవారు.

ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసి, ఊపిరికి మెడ దగ్గర రంధ్రం పెట్టారు. అప్పటికే ఆయన భార్యకు షుగర్‌తో చూపు పోయింది. ఆయన పలకలేరు, రాసి చూపిస్తే అమ్మగారు చూడలేరు. ఇద్దరికీ మిగిలింది ఒక పాత లాప్‌టాప్. ఆయన టైపు చేసింది అది తెలుగులో చదివి వినిపించేది. "టీలో పంచదార లేదు" అని అది బండగా పలికితే, "కావాలనే వెయ్యలేదండి" అని అమ్మగారు దాంతోనే పోట్లాడేవారు.

ఈ వానల్లో దాని ఫర్మ్‌వేర్ పాడైంది. పాత మోడల్, మా వల్ల కాదన్నారు కంపెనీవాళ్లు. మాట్లాడే ప్రోగ్రామేమో ఆ ఒక్క యంత్రానికే ముడిపెట్టి ఇచ్చినది, ఇంకోదాంట్లో నడవదు. ఫోన్‌లో వేరే గొంతు వినిపిస్తే, అది ఆయన మాటలా లేదన్నారు అమ్మగారు. ఇంతలో జబ్బు తిరగబెట్టింది. కాకినాడ డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఎవరైనా చదివి దిద్దుకోగల ఫర్మ్‌వేర్ ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. కానీ దాన్ని ప్రతి ప్రాసెసర్‌కీ, ప్రతి బోర్డుకీ విడిగా కుదర్చాలి. మా లాప్‌టాప్ బోర్డుకు ఉన్నవాటిలో ఏదీ సరిగ్గా సరిపోలేదు. మాస్టారు కాగితం మీద రాసి చూపించారు: "చెయ్యమ్మా. ఇంక పోయేదేముంది?"

చిప్పు ఊడదీసి కాకినాడ రిపేరు షాపుకి పట్టుకెళ్లడం, కొత్త ఫర్మ్‌వేర్ రాయించుకు రావడం, పెట్టి చూస్తే తెర నల్లగానే ఉండటం. ఎన్నిసార్లు తిరిగానో! వెళ్లిన ప్రతిసారీ ఆయన ఇంకాస్త చిక్కిపోయి కనిపించేవారు. బస్సులో ఆ చిప్పును గుప్పిట్లో పట్టుకుని ఏడ్చిన రోజులున్నాయి.

చివరికి తెర వెలిగింది. మాస్టారు టైపు చేశారు. మాట రాలేదు. మిగతా యంత్రమంతా లేచింది గానీ, శబ్దం పుట్టించే చిప్పును మా ఫర్మ్‌వేర్ లేపలేకపోయింది. దాన్ని దిద్దడానికి ఇక వ్యవధి లేదని ఆయన ముఖం చూస్తే తెలిసిపోతోంది.

తెర మీదున్నది నేనే చదివాను: "భయపడకు. ఇక్కడే ఉన్నాను."

అమ్మగారు నా వైపు చెయ్యి అడ్డంగా ఊపారు. "నువ్వు కాదమ్మా. ఆయన్ని చెప్పమను."

మాస్టారు లాప్‌టాప్ పక్కకు నెట్టారు. మెడ దగ్గర గుడ్డ తొలగించి, అమ్మగారి అరచేతిని అందుకుని, ఊపిరి వచ్చిపోయే ఆ రంధ్రం ముందు పెట్టుకున్నారు.

అమ్మగారు తల కొంచెం వంచి అన్నారు:

"ఆఁ, చెప్పండి. వింటున్నాను."