తెరచాప పడవ ఊదా సీలు

ఆ పడవను నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఫొటోలో కూడా చూడలేదు. అయినా దాని పుట్టుపూర్వోత్తరాలు మా ఊళ్లో ఎవరైనా నన్నే అడగాలి, నేనే చెప్పాలి. ‘ఆఁ, నాటు పడవలాంటిదేగా’ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోయేది. నాటు పడవేమిటి, నేవీవారి తెరచాప పడవ! టేకు చెక్కతో కట్టింది. ఎనిమిది మంది సిబ్బంది. ఆ ఎనిమిది మందిలో ఒకడు మా తమ్ముడు.

డెబ్భైల నడిమి మాట ఇది. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ దాటితే వచ్చే లంక ఊరు మాది. నాన్నగారు పోయాక మా వరండాలోని పోస్టాఫీసు నాకొచ్చింది. ఓ బల్ల, ఓ తక్కెడ, ఓ తేదీ ముద్ర, రెండు సిరా దిళ్లు. పొద్దున్నే ముద్రలో తేదీ అంకెలు మార్చి, చిత్తుకాగితం మీద ఠపీమని గుద్ది చూసుకుంటే గానీ నాకు తెల్లవారేది కాదు. పెళ్లి ఊసెత్తినవాళ్ల మీదకి కూడా ఆ ముద్రే ఎత్తేదాన్ని. నోటి దురుసు మనిషినని పేరు పడ్డాను. ఉన్నమాటే, కాదనను.

తమ్ముడు ఉత్తరాలు వాళ్లావిడకి రాసేవాడు. ఆవిడ మా దగ్గరే, అమ్మతో పాటు ఉండేది. ‘ఉత్తరం నీది, కవరు నాది’ అని మొదటి రోజే మరదలితో ఒప్పందం చేసుకున్నాను. పాపం, ఆ పిల్ల మొగుడి ఉత్తరం వచ్చిందన్న ఆత్రంలో కూడా కవరు చింపకుండా, కత్తెరతో అంచు సన్నగా కత్తిరించి నా చేతికిచ్చేది. ముందువైపు పడవ ఆగిన రేవు తపాలా ముద్ర, నల్లసిరాతో. ఎడమ మూల పడవవాళ్ల సొంత రబ్బరు సీలు, ఊదా సిరాతో, గుండ్రంగా. వెనకవైపు మా పై ఆఫీసు ముద్ర, దాని పక్కన నాది. ఇంకేం కావాలండీ, ఓ పడవ ఎక్కడ పుట్టి ఎక్కడ తిరిగిందో చెప్పడానికి!

రూళ్ల పుస్తకంలో అంతా రాసుకున్నాను. మొదట్లో అది పెద్ద ఆఫీసర్ల షికారు పడవట. తరవాత కొన్నాళ్లు రేవులోనే కట్టేస్తే, వంటవాళ్లు అందులో ఉల్లిపాయలు ఆరబోసుకున్నారని తమ్ముడు రాశాడు. నాకు ఎంత కోపం వచ్చిందో! తరవాత కుర్ర నావికులకు గాలివాటం నేర్పడానికి బాగుచేసి నీళ్లలోకి దింపారు. సీలు రెండుసార్లు మారింది. మొదటి దాంట్లో లంగరు ఒక్కటే. రెండో దాంట్లో లంగరు పక్కన తెరచాప. మూడో దాంట్లో తెరచాప పెద్దదై లంగరు కిందకు దిగింది. సెలవులో వచ్చినప్పుడు తమ్ముడు నా పుస్తకం తిరగేసి పగలబడి నవ్వేవాడు.

“ఏంటక్కా ఇది! మా కెప్టెనుగారికి కూడా ఇంత తెలీదే!”

“మీ కెప్టెనుగారిని పంపించు, చెప్తాను,” అన్నాను.

నాకు శత్రువు ఒక్కటే, నీళ్లు. వానాకాలంలో రేవు దాటేటప్పుడు తపాలా సంచి తడిసిందంటే సంచి తెచ్చే రన్నరు మీద విరుచుకుపడేదాన్ని. తపాలా ముద్ర నల్లసిరా నూనెతో కలిపింది, తడిసినా చెక్కుచెదరదు. రబ్బరు సీళ్ల ఊదా సిరా అలా కాదు. చుక్క తగిలితే చాలు, కవరంతా పాకి కూర్చుంటుంది. నా కవర్లు రెండు అలాగే పాడయ్యాయి. వారం రోజులు ఆ రన్నరుతో మాట్లాడలేదు.

ఆ నవంబరులో మరదలికి ఎనిమిదో నెల. పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నామని, అక్కణ్ణించి తిన్నగా విశాఖపట్నం వచ్చేస్తామని, కాన్పుకి తప్పకుండా ఇంట్లో ఉంటానని తమ్ముడు రాశాడు. తరవాత బంగాళాఖాతంలో తుఫాను పట్టింది. మా ఊళ్లో కొబ్బరిచెట్లు పడిపోయాయి, ఇళ్ల కప్పులు లేచిపోయాయి, టెలిగ్రాఫు తీగలన్నీ తెగి కాలవల్లో పడ్డాయి. మూడు రోజులు సంచే రాలేదు. తరవాత వచ్చింది గానీ అందులో మాకేమీ లేదు.

వారం గడిచింది. పది రోజులయ్యాయి. అమ్మ మోకాళ్ల మీదే ఉండేది, ప్రార్థనలో. మరదలు తిండి మానేసింది. కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి, అలాగే చెయ్యి కడిగేసుకునేది. బతిమాలాను, తిట్టాను, ఓసారి కంచం విసిరికొట్టాను కూడా. “కడుపులో బిడ్డేం పాపం చేసిందే!” అని అరిచాను. ఊరి మంత్రసాని ఆ పిల్ల కళ్లు లాగి చూసి, నన్ను పెరట్లోకి పిలిచి, ఇలాగే ఇంకో నాలుగు రోజులైతే ఇద్దరూ దక్కరమ్మా అని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున రన్నరు సంచి నెత్తిన పెట్టుకుని పరుగున వచ్చాడు. రేవులోనే పై చిరునామా చూశాడట.

“అమ్మగారండీ! తమ్ముడుగారి రాతండీ!”

మరదలు నాకంటే ముందే అందుకుని, జీవితంలో మొదటిసారి కత్తెర అడక్కుండా కవరు చింపేసింది. పైన తేదీ చూసింది. చూసి, కాగితం ఒళ్లో పెట్టుకుని గోడకు చేరగిలబడిపోయింది. నేను లాక్కుని చూశాను. ‘పోర్ట్ బ్లెయిర్, రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం’ అని ఉంది. తుఫానుకు వారం ముందు తేదీ. అమ్మ “ప్రభువా, ఆఖరి ఉత్తరమా!” అని గొల్లుమంది. ఇరుగుపొరుగు పోగయ్యారు. హెడ్మాస్టరుగా చేసి దిగిన మా మావయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అరుగు మీద కూలబడ్డారు.

కవరు కింద పడి ఉంది. నా కవరు! ఆ ఏడుపుల మధ్య దాన్నెందుకు తీశానో నాకే తెలియదు, అలవాటు, అంతే. తీసి వెలుతురులోకి పట్టాను. నల్ల ముద్ర చూశాను.

“నోరు ముయ్యండి అందరూ!” అని కేక పెట్టాను. “ఇది పోర్ట్ బ్లెయిర్ ముద్ర కాదు! పారదీప్! ఒరిస్సా రేవు! తేదీ చూడండి, తుఫాను వెళ్లిన నాలుగో రోజు!”

అక్కడ రాసిన ఉత్తరం పోస్టు చెయ్యడం మరిచిపోయి జేబులో పెట్టుకున్నాడు, గాలి పడవను ఉత్తరానికి కొట్టుకుపోయింది, పారదీప్‌లో ఒడ్డు చేరాక డబ్బాలో వేశాడు. ఇంతేగా! నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మావయ్యగారు మాత్రం గొంతు తగ్గించి అన్నారు, “తొందరపడకమ్మా. ఏ ఒడ్డుకో కొట్టుకొచ్చిన చొక్కాలో దొరికితే, ఎవరో పుణ్యాత్ములు పోస్టు చేసేరేమో.”

మరదలు ఆ మాట విన్నది. నాకు ఆయన్ను గోదాట్లో తోసెయ్యాలనిపించింది. మళ్లీ కవరు చూశాను. చిరునామా తడిసి నీలంగా పాకిపోయింది, సముద్రపు నీళ్ల ఉప్పు మరక అంచు కట్టి ఉంది. ఆ మరక మీదే, సరిగ్గా దాని నడినెత్తిన, పడవ సీలు. తెరచాప, లంగరు, చుట్టూ గీత. ఎక్కడా చెదరలేదు!

“మావయ్యగారూ, ఇలా రండి!” అన్నాను. వేలు నాలికకి అద్దుకుని సీలు అంచున పెట్టాను. ఊదా సిరా చటుక్కున పాకింది. “చూసేరా? ఉమ్మి తడికే ఇలా అయిపోయే సిరా ఇది. సముద్రంలో తడిస్తే మిగులుద్దా? కవరు ముందు తడిసింది, ఆరింది, ఆ తరవాత దీని మీద సీలు కొట్టేరు. దారిన పోయేవాళ్ల దగ్గర పడవ సీలు ఉంటదా? పడవ బతికే ఉందండీ!”

“ఆయ్, నిజమేనమ్మా,” అన్నారు మావయ్యగారు. ఆ మనిషి ఏడ్చేశారు. అమ్మ నన్ను కావలించుకుంది. రన్నరు పరుగెత్తుకెళ్లి ఊరంతా చాటేశాడు. మరదలు నా చెయ్యి పట్టుకుని, “అయితే ఆయన ఉన్నట్టే కదండీ వదినగారూ?” అంది.

“ఉన్నట్టే ఏంటి, ఉన్నాడు! లే, అన్నం తిను!” అన్నాను.

ఒక్క మాట మాత్రం మింగేశాను. సీలు కొట్టడానికి పడవ మీద ఒక చెయ్యి మిగిలితే చాలు. ఎనిమిది మందిలో ఆ చెయ్యి ఎవరిదో సీలు చెప్పదు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఏ మాటా నోట్లో దాచుకోలేని మనిషిని, ఆ మాట దాచుకున్నాను. మరదలు ఆ పూట పులుసన్నం రెండుసార్లు పెట్టించుకుంది. నేను మాత్రం మంచినీళ్లు కూడా మింగలేకపోయాను. ఆ తరవాత రోజూ సంచి విప్పగానే ముందు సర్కారు కవర్లే వెతికేదాన్ని. ఏ నేవీవారి కాగితం వచ్చి నన్ను అబద్ధాలకోరుని చేస్తుందో అని.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రేవులో కేకలు వినిపించాయి. వెళ్లేసరికి రేవు పడవలోంచి దిగుతున్నాడు మా తమ్ముడు! చిక్కి సగమయ్యాడు, కుడిచెయ్యి భుజందాకా కట్టు, గడ్డం మాసింది. నేను అందరినీ తోసుకుని వెళ్లి వాణ్ణి పట్టుకుని ఊపేశాను, తిట్టాను, ఏడ్చాను. వాడు క్షేమమన్న టెలిగ్రాం వాడొచ్చిన మర్నాడు చేరింది. వాడి చేతికే ఇచ్చి సంతకం పెట్టించుకున్నాను, ఎడమచేత్తో.

వాడు దిగిన పూటే, అందరూ కూర్చున్నాక అమ్మ గొప్పగా కవరు సంగతంతా చెప్పింది. తమ్ముడు తెల్లబోయి విన్నాడు.

“నేనా పోస్టు చేసింది? నాకు తెలివే లేదమ్మా. తెరచాప కొయ్య విరిగి చేతి మీద పడింది. పారదీప్ ఆస్పత్రిలో అయిదు రోజులు జ్వరంతో పడున్నాను. నా చొక్కాలో ఉత్తరం ఉంటే మావాడొకడు ఆరబెట్టి, సీలు కొట్టి వేసేడంట.”

మెల్లగా మరదలి వంక చూశాను. తమ్ముడికి అన్నం కలిపి నోటికందిస్తున్నదల్లా ఆగి, నన్ను చూసి నవ్వింది.

“సీలు ఆయనే కొట్టేరో, వేరేవారు కొట్టేరో అని నాకు అప్పుడే అనుమానం వచ్చిందండీ వదినగారూ,” అంది. “అడుగుదామనుకున్నాను. అడిగితే మీరు నిజం చెప్పేస్తారని భయమేసి, అన్నం తినేసేను.”