బొమ్మల కొలువులో వికెట్ కీపర్

మా బావకు పిచ్చి పట్టిందని ప్రొద్దుటూరులో మొట్టమొదట అన్నవాణ్ణి నేనే. ఆయన పోయి మూడేళ్లయినా ఆ మాట వెనక్కి తీసుకోను. పుర్రెకో బుద్ధి అంటారు, నిజమే. కానీ నలభైకి దగ్గరపడిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, బజారంతా శెట్టిగారూ అని పిలిచే మనిషి, బబుల్ గమ్‌తో ఊరికే వచ్చే క్రికెట్ బొమ్మలను ఇనుప బీరువాలో దాచుకుంటే దాన్ని ఇంకేమనాలి? అదే బీరువాలో మా అక్క కాసులపేరు కింది అరలో ఉండేది. బొమ్మలు పై అరలో ఉండేవి.

ఆయన పేరు బాలసుబ్రహ్మణ్యం. మా అక్క కన్యకాపరమేశ్వరి భర్త. అమ్మవారిశాల దగ్గరి సందులో ఫ్యాన్సీ షాపు. రిబ్బన్లు, జడపిన్నులు, బొట్టుబిళ్లలు, పలకలు, పెన్సిళ్లు, ముందు వరసలో గాజుసీసాల నిండా బబుల్ గమ్. నా పేరు గోవిందరాజులు. పదో తరగతి రెండుసార్లు తప్పి, ఇంట్లో తిట్లు పడలేక ఆ షాపులోనే చేరాను. బావ నన్ను పనివాడిగా ఎప్పుడూ చూడలేదు, పనిమంతుడిగానూ చూడలేదు.

ఎనభై ఏడులో మన దేశంలో ప్రపంచకప్పు జరిగింది. ఆ రోజుల్లో గమ్ పొట్లంతో పాటు పేకముక్కంత అట్ట వచ్చేది. ముందువైపు రంగుల్లో ఆటగాడు, వెనకవైపు ఆ బొమ్మకు ఇన్ని పరుగులని అచ్చు. పిల్లలు గమ్ నోట్లో వేసుకోకముందే బొమ్మ చూసుకునేవాళ్లు. ఉన్నదే మళ్లీ వస్తే మొహం మాడ్చుకునేవాళ్లు. బడి గోడ దగ్గర మార్పిళ్లు, మార్పిళ్ల దగ్గర కొట్లాటలు. అందుకని ప్రతివాడూ బొమ్మ వెనక పెన్సిలుతో తన పేరూ తరగతీ రాసుకునేవాడు. కరెంటు పోతే మా షాపులో ట్రాన్సిస్టర్ చుట్టూ ఇరవై మందిమి మూగేవాళ్లం. ఎవరైనా జడపిన్నులు అడిగితే బావ, "ఉండమ్మా, ఈ ఓవరు కానీ" అనేవాడు. ఆ కాలం తలుచుకుంటే ఇప్పటికీ నా నోట్లో ఆ గులాబీరంగు తీపి ఊరుతుంది.

తర్వాత ఆ బొమ్మలు రావడం ఆగిపోయింది. పిల్లలు పెద్దవాళ్లై వాటిని మరిచిపోయారు. సరిగ్గా అప్పుడే మా బావకు పూనకం మొదలైంది.

"పిల్లోళ్లు పారేస్తారు రా గోవిందూ. పారేసినాక మళ్లా యాడ దొరుకుతాయి?"

"దొరక్కపోతే ఏం మునిగిపోతాది బావా?"

"నీకు చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే" అని లేచిపోయేవాడు.

వాళ్ల నాయన దాచిన పాత సిగరెట్ పెట్టెల బొమ్మలు పదకొండు ఉండేవి. తెల్లటోపీల క్రికెట్ దొరలు, మీసాల పహిల్వాన్లు. వాటితో మొదలుపెట్టాడు. ఒక్క బొమ్మ కోసం పులివెందులకు బస్సెక్కి పోయి, చీనీతోటలో కాపలా ఉన్న ఒక పిల్లాణ్ణి బతిమాలి, ఆ బొమ్మతో పాటు వాడు బలవంతంగా అంటగట్టిన సంచెడు చీనీకాయలు కూడా మోసుకొచ్చాడు. వారం రోజులు ఇంటిల్లిపాదీ బత్తాయి రసమే తాగాం.

అన్నిటికంటే ఎక్కువ బొమ్మలు తెచ్చింది మైమూన్. నెత్తిన గంప పెట్టుకుని, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెలు తిరిగి, పాత సామానుకు ప్లాస్టిక్ బిందెలూ స్టీలు గిన్నెలూ మార్చేది. డబ్బా బొమ్మలు తెస్తే ఒక రవికగుడ్డ ఇస్తానని బావ ఆమెకు చెప్పి పెట్టాడు. "అన్నా, నీ పుణ్యమా అని ఊర్లల్లో నన్ను క్రికెట్ మైమూన్ అంటాండారు" అని తిట్టుకుంటూనే తెచ్చేది.

అప్పట్లో ఆ పల్లెల్లో తిరగడం ఆమెకే చెల్లింది. ఊరికి రెండు పార్టీలు. ఏ వీధిలో నడవాలో, ఎవరి చావుకు పోవాలో, ఎవరి బోరు నీళ్లు తాగాలో అంతా పార్టీయే చెప్పేది. మైమూన్ గంపను మాత్రం ఎవరూ ఏ పార్టీ అని అడగలేదు. కోర్టు వాయిదాలకు రెండు పక్కల జీపులూ ప్రొద్దుటూరుకే వచ్చేవి. జీపుల చప్పుడు వినపడితే చాలు, బజారు బజారంతా షట్టర్లు దించేది. పట్టపగలు చీకట్లో కూర్చుని నేను ఆంజనేయ దండకం చదువుకుంటుంటే, బావ బ్యాటరీ లైటు వేసుకుని బొమ్మలు సర్దుకునేవాడు.

"నీకు భయం లేదా బావా?"

"ఉండాది. అందుకే సర్దుతాండా."

ఇక దసరా సంగతి చెప్పాలి. మా ఇళ్లలో దసరా అంటే బొమ్మల కొలువు. మా అక్క తొమ్మిది మెట్లు కట్టేది. పైన మరపాచి బొమ్మలు, నడుమ దేవుళ్లు, కింద పప్పులూ బెల్లమూ ముందు పోసుకుని కూర్చున్న శెట్టి, శెట్టెమ్మ. ఒక ఏడాది బావ తనకొక మెట్టు కావాలన్నాడు.

"అమ్మవారి ముందర బ్యాట్లు పట్టుకున్నోళ్లను నిలబెడతారా? సిగ్గు లేదా మీకు?" అని అక్క గయ్యిమంది.

"శెట్టి అంగడి పెట్టుకుని కూర్చోవచ్చుగానీ ఆటగాళ్లు నిలబడుకోగూడదా?"

మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు అక్క కింది రెండు మెట్లు వదిలిపెట్టింది. బావ చెక్కపట్టీలకు రంపంతో గాడి తీసి, ఆ గాడిలో బొమ్మలను వరసగా నిలబెట్టాడు. చూస్తే ముచ్చటగానే ఉండింది, నా నోటితో నేను చెప్పకూడదు గానీ. ఆడవాళ్ల పేరంటానికి మగవాళ్లు రావడం మా వీధిలో అప్పుడే మొదలైంది. మీసాలొచ్చిన కుర్రాళ్లు వంగి వంగి చూసి, "ఇదో, ఈ బొమ్మ కోసం నేను సైకిల్ బెల్లు ఇచ్చినా" అని నవ్వుకునేవాళ్లు. అక్క వాళ్లకు కూడా శనగలు పెట్టేది.

ఎన్నికల ఏడాది ఒకతను ఏదో నాయకుడి ఫోటో తెచ్చి, "పై మెట్టు మీద పెట్టు శెట్టీ" అన్నాడు. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. బావ ఫోటో తీసుకుని వెనక్కి తిప్పి చూసి, "వెనక ఏమీ అచ్చెయ్యలేదే. మీ నాయకుడు ఎన్ని పరుగులు కొట్టినాడప్పా?" అన్నాడు. అతను రెండు క్షణాలు గుడ్లురిమి చూసి, ఏమనుకున్నాడో ఏమో పగలబడి నవ్వి, తాంబూలం తీసుకుని పోయాడు. ఆ పూట అక్క బావను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆయనకు ఒక జబ్బు ఉండేది. మురికి గిట్టదు. అంగట్లో మాసిన రిబ్బను అమ్మేవాడు కాదు, మెట్ల మీద మాసిన బొమ్మ పెట్టేవాడు కాదు. మైమూన్ తెచ్చిన డబ్బాల్లో ప్రతి బొమ్మ వెనకా గీతలే, పేర్లే. ఒక దసరాకు ముందు బావ అరడజను కొత్త రబ్బర్లు తీసి, సగం నా చేతిలో పెట్టాడు. వారం రోజులు ఇద్దరం కూర్చుని అన్ని పేర్లూ తుడిచేశాం. ఆరో తరగతి, ఏడో తరగతి, బి సెక్షను, అన్నీ నల్లటి పొట్టుగా రాలిపోతుంటే ఊదేశాం. బొమ్మలు మల్లెపూలలాగా తేలాయి. బావ మురిసిపోయాడు, నేనూ మురిసిపోయాను. మా తెలివి తెల్లారినట్టే ఉందని అప్పుడు తెలియలేదు.

అది జరిగిన రెండేళ్లకు, దసరా ఆరో రోజు మధ్యాహ్నం, పేరంటాళ్లు ఇంకా రాకముందు మైమూన్ వచ్చింది. ఆమె వెంట యాభై దాటిన ఒకామె ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు, చంకన గుడ్డసంచి. పైనున్న దేవుళ్ల వంక కన్నెత్తి కూడా చూడలేదు. వచ్చీ రాగానే కింది మెట్ల ముందు కూలబడి బొమ్మలు ఒక్కొక్కటే వెతుకుతోంది.

"ఈమె పేరు అంకమ్మ అన్నా. గొర్లోళ్లు. జమ్మలమడుగు అవతల ఊరు" అంది మైమూన్. "ఇప్పుడు కలమల్లలో తమ్ముని దగ్గర ఉండాది. నీతో పని పడి వచ్చింది."

అక్క మంచినీళ్లు ఇచ్చింది. ఆమె తాగి, కొంగుతో మూతి తుడుచుకుని చెప్పింది.

"మాకు యా పార్టీ లేదప్పా. గొర్లకు గడ్డి యాడుంటే ఆడికి పోయేటోళ్లం. అయినా మా వీధి వీధంతా ఒక పార్టీ అన్యారు. తొంభై ఆరు ఎలక్షన్లప్పుడు నా కొడుకు ఓబులేసు గొర్లు తోలుకుని వస్తాంటే బాంబేసినారు. ఇరవై ఏండ్లు వానికి. మర్నాడు ఇండ్లకు అగ్గి పెట్టినారు. వాని గుడ్డలు కాలిపాయ, బడి కాగితాలు కాలిపాయ, తిరణాల్లో తీయించిన ఫోటో ఒకటుంటే అదీ కాలిపాయ."

బావ చేతిలోని బొమ్మ కింద పెట్టేశాడు.

మిగిలిందంతా ఆమె మెల్లగా చెప్పింది. ఏడేళ్లకు రెండు పక్కలా రాజీ అయింది. మొన్న ఒక పెండ్లికని ఊరికి పోతే, ఎదుటి పార్టీ వీధిలో ఉండే తిరుపాలమ్మ ఈమె చేయి పట్టుకుని ఏడ్చిందట. తిరుపాలమ్మ కొడుకూ ఓబులేసూ బడిలో ఒకే బెంచీ. పెద్దవాళ్లు ముఖాలు చూసుకోని రోజుల్లో కూడా పిల్లలిద్దరూ బొమ్మలు మార్చుకునేవాళ్లట. ఓబులేసు ఇచ్చిన బొమ్మ ఒకటి వాళ్ల డబ్బాలో ఉండిందనీ, వెనక వాడి పేరు ఉందనీ, ఆ డబ్బా మైమూన్ గంపలో పోయిందనీ తిరుపాలమ్మే చెప్పిందట.

"నాకు బొమ్మ వద్దప్పా" అంది అంకమ్మ. "వాడు చేత్తో రాసిండేది ఒక్కతూరి చూపీ, చాలు. వాడు ఈ భూమ్మీద ఉన్యాడని చెప్పేదానికి నా దగ్గర ఒక్క గుర్తు లేదు."

బావ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను.

"ఏ బొమ్మమ్మా అది?" అని బావ అడిగాడు.

"చేతులకు పెద్ద పెద్ద తొడుగులు ఏసుకున్న మనిషి. మూలన బెజ్జం ఉంటాది. దారం కట్టి గొర్రెపిల్ల మెడకు ఏలాడదీసినాడు, దొంగనాకొడుకు." ఆ తిట్టు అంటూ కళ్లు తుడుచుకుంది.

మెట్ల మీద అది లేదు. బెజ్జం పడిన బొమ్మను మా బావ మెట్టు ఎక్కిస్తాడా? బీరువాలో, చినిగినవీ నలిగినవీ వేసిన డబ్బా అడుగున దొరికింది. వికెట్ కీపర్, మూలన బెజ్జం. బావ వెనక్కి తిప్పాడు. పరుగుల అచ్చు తప్ప అంతా తెల్లగా ఉంది. అది ఆయన చేతికి వచ్చిందో నా చేతికి వచ్చిందో నాకు గుర్తు లేదు. తుడిచింది మాత్రం మా ఇద్దరిలో ఒకడు.

నేను బావ చెవిలో, "ఆమెకు చదువు రాదు. ఈ అచ్చయిన అక్షరాలే చూపించి, ఇదే పేరని చెప్పు" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. పోయి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, పేరు ఉన్యాది. మురికనుకుని నేనే తుడిచేసినా."

నేనే అన్నాడు. ఇద్దరం అనలేదు.

"యా అల్లా! ఎంత పని చేసినావన్నా" అని మైమూన్ నెత్తి కొట్టుకుంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంకమ్మ మాత్రం అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. బొమ్మ తీసుకుని వెనకవైపు బొటనవేలితో అటూ ఇటూ రాసి చూసింది. తిట్టి ఉంటే మేము కొంచెం బతికిపోయేవాళ్లం.

"నీకేం తెలుసప్పా" అంది చివరకు. "తెలిసింటే తుడుస్తావా?" బొమ్మ బావ చేతిలో పెట్టింది. "నువ్వే రాయి. పేరు, ఏడో తరగతి. అంతే ఉన్యాదంట."

బావ చెవి వెనకనుంచి పెన్సిలు తీశాడు.

"ఆ చేయి కాదు. వాడు ఎడమచేతోడు. అయ్యవార్లు ఎన్ని దెబ్బలు కొట్టినా కుడిచేత్తో రాయలా."

బావ పెన్సిలు ఎడమచేతికి మార్చుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ముత్యాల్లాంటి అక్షరాలతో బిల్లులు రాసిన మనిషి, బొమ్మను మోకాలి మీద పెట్టుకుని, పళ్లు బిగబట్టి, ఓ దిద్దడానికే ముచ్చెమటలు పోశాడు. బు పక్కకు వాలిపోయింది. లే కింది వరసలోకి జారింది. ఏడో తరగతి అని పూర్తిచేసేసరికి అట్ట అంచు వచ్చేసింది. అంతా అయినాక రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు.

ఆమె వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది. చూసి, వచ్చినప్పటినుంచి మొదటిసారి, ఫక్కున నవ్వింది.

"మావాడింత బాగా యాడ రాస్తాన్యాడప్పా! ఇంగా వంకర."

బావ కూడా నవ్వాడు. కళ్లనుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. "ఉండమ్మా, మళ్లా రాస్తా" అని పక్కనున్న రబ్బరు అందుకున్నాడు.

అంకమ్మ చప్పున ఆయన మణికట్టు పట్టుకుంది.

"తుడ్చొద్దప్పా" అంది. "ఇంగ తుడ్చొద్దు."