పదమూడో నంబరు మీద ఐదో ఫౌల్

"...నా చెయ్యి అతనికి తగల్లేదంటే తగల్లేదు. ముప్పై నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నా. నీ చెవికెక్కదా, డెట్లెఫ్?"

"ఎక్కుతుంది రైనర్. పుస్తకంలో నీ మొత్తుకోలు రాయమంటావా, జరిగింది రాయమంటావా?"

"ఏం జరిగిందో నీకేం తెలుసు? ఆ రోజు నువ్వు పేపరువాళ్ల బల్ల దగ్గర సాసేజ్ తింటున్నావు."

"తింటూ కళ్లు మూసుకోలేదుగా. అయినా నా కళ్లతో పనేంటి, కాగితమే ఉంటే! ఇదిగో, పదమూడో నంబరు, ఐదో ఫౌల్, ముప్పై ఎనిమిదో నిమిషం. ఎవరి చేతిరాతో నువ్వే చెప్పు."

బల్లకి ఆ చివర కూర్చుని పాత స్కోరు షీట్లను ఏడాది వారీగా సర్దుతున్న గుడ్రున్ హోల్‌ఫెల్డర్ వైపు రైనర్ ప్రెల్ చూశాడు. ఆమె తల ఎత్తలేదు. అతను కోటు తీసుకుని, భుజాన వేసుకోకుండానే బయటికి నడిచాడు. క్లబ్బు గది తలుపు ఎప్పటిలాగే రెండుసార్లు లాగితేగాని పడలేదు.

"పాపం, అరవైకి దగ్గరపడుతున్నాడు, ఇంకా చిన్నపిల్లాడి పంతం" అన్నాడు డెట్లెఫ్ జైబోల్డ్. అతను జిల్లా పత్రికలో ఆటల పేజీ నడిపి రిటైరైన మనిషి. రోట్‌మూల్ బాస్కెట్‌బాల్ క్లబ్బుకి యాభై ఏళ్లు నిండుతున్నాయని చరిత్ర పుస్తకం రాసే పని అతనికి అప్పగించారు. "సోమవారం ప్రెస్సుకి వెళ్లాలి. పందొమ్మిది వందల తొంభై ఒకటి సీజను పేజీ ఒకసారి చూసిపెట్టు, గుడ్రున్. నువ్వు సరే అంటే సరే."

ఆ పేజీలో ఒక వాక్యం ఇలా ఉంది: ప్రెల్ అనవసరంగా చేసిన ఐదో ఫౌల్ వల్ల మొదటి లీగులో మన స్థానం పోయింది, తిరిగి రావడానికి ముప్పై రెండేళ్లు పట్టింది.

గుడ్రున్ ఆ వాక్యం చదివి, కాగితాన్ని మిగతా పేజీలతో కలిపి సంచిలో పెట్టుకుంది. ఇంట్లో తీరిగ్గా చూస్తానంది.

గుడ్రున్ మా ఊరు రోట్‌మూల్‌లోని పింగాణీ ఫ్యాక్టరీలో, అది మూతపడేదాకా, సరుకు ఏరే విభాగంలో పనిచేసింది. ప్లేటును ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి చెక్క కర్రతో చిన్నగా తడితే, ఆ మోతను బట్టి పగులుందో లేదో తెలిసిపోయేది. కంటికి కనిపించని పగులు చెవికి దొరికేది. మొదటి రకం కుడివైపు, రెండో రకం ఎడమవైపు, మిగతాది తొట్టిలోకి. తన సొంత చెల్లెలు అంచు దిద్దిన ప్లేట్లయినా తొట్టిలో వేసేదని ఫ్యాక్టరీలో చెప్పుకునేవాళ్లు. ఆ పేరు వినే, పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, క్లబ్బువాళ్లు ఆమెను స్కోరు బల్ల దగ్గర కూర్చోమని అడిగారు. అప్పటికి క్లబ్బు పుట్టి నాలుగేళ్లు. ఆట స్కూలు వ్యాయామశాలలో జరిగేది. చూడటానికి వచ్చేవాళ్లలో సగం మంది ఆటగాళ్ల అమ్మలే.

స్కోరు బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టకూడదు. అరవకూడదు, మొహం చిట్లించకూడదు. మా హాల్లో ఇంకో అలవాటుంది. మన జట్టు బంతిని మొదటిసారి బుట్టలో వేసేదాకా జనమంతా నిలబడే ఉంటారు. ఒక్కోసారి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ముసలివాళ్లు ముందు సీటు పట్టుకుని నిలబడతారు. రెండు వేల మంది నిలబడిన హాల్లో గుడ్రున్ మాత్రం కూర్చుని ఉండేది. ఎనభై నాలుగులో మొదటి లీగుకి ఎక్కిన రోజున కూడా అంతే. హాలు పైకప్పు ఎగిరిపోతుందా అన్నంత గోల. ఆటగాళ్లు బల్ల మీదికెక్కి గంతులేస్తుంటే ఆమె షీటును ఒళ్లోకి లాక్కుని ఆఖరి గీత గీసింది. ఎనభై ఒకటి, డెబ్బై నాలుగు. కింద సంతకం.

ఆమె చేతిరాతలో ఆరు వందల డెబ్బై సొంతగడ్డ ఆటలున్నాయి. అన్నిటికీ ఇంట్లో వేరే నోటు పుస్తకాలున్నాయి. క్లబ్బు రెండో లీగుకి పడింది, మూడోదానికి పడింది. తొంభై ఎనిమిదిలో దానికంటే కింద, ప్రాంతీయ లీగులో ఆడింది. ఆ చలికాలం హాల్లో నూట ఎనభై మంది, బయట మంచు, లోపల కోట్లు విప్పనంత చలి. బామ్‌బాఖ్ పిల్లల జట్టు చేతిలో నలభై పాయింట్ల తేడాతో ఓడిన రోజునా ఆమె సంతకం అలాగే ఉంది. రెండు వేల తొమ్మిదిలో రెండో లీగు. ఇరవై మూడులో మళ్లీ మొదటి లీగు. అప్పటికి కాగితం పోయి కంప్యూటరు వచ్చింది. అరవై దాటాక రెండు శనివారాలు న్యూరెంబర్గ్ వెళ్లి అదీ నేర్చుకుంది.

రిఫరీ తప్పు నంబరో, తప్పు పాయింట్లో చూపిస్తే అడిగే హక్కు స్కోరు రాసే మనిషికి ఉంది. బంతి ఆగగానే హారన్ నొక్కాలి. రిఫరీ బల్ల దగ్గరికి వస్తే మెల్లగా చెప్పాలి. ఆమె అలా పదకొండుసార్లు నొక్కింది. ఎనభై ఆరులో ఒకసారి నొక్కితే మన జట్టుకే రెండు పాయింట్లు పోయి, ఒక పాయింటుతో ఓడాం. వారం రోజులు రొట్టెల దుకాణంలో ఎవరూ ఆమెను పలకరించలేదు. దుకాణం ఆమె మాత్రం "సెకండ్ క్వాలిటీ రొట్టె చాలా, గుడ్రున్? చెవి దగ్గర పెట్టి తట్టి చూసుకో" అంది.

తొంభై ఒకటి ఏప్రిల్‌లో ఆమె నొక్కలేదు.

లీగులో ఉండాలంటే ఆ రోజు గెలవాలి. నలభై నిమిషాల ఆటలో ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లున్నాయి. అరవై ఆరు, అరవై నాలుగు, మనదే పైచెయ్యి. అవతలి జట్టు గార్డు, అంటే బంతిని ముందుకు నడిపించే ఆటగాడు, బుట్ట కిందికి దూసుకొచ్చాడు. మా పన్నెండో నంబరు, అమెరికా నుంచి వచ్చిన డారెల్ ఫిన్నీ, అతని మణికట్టు మీద కొట్టాడు. పక్కనే పదమూడో నంబరు రైనర్ ప్రెల్ చేతులు రెండూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఈల మోగింది. ఫౌల్ చేసినవాడు చెయ్యెత్తి ఒప్పుకోవాలన్నది అప్పటి నియమం. ఫిన్నీ మంచివాడు, చెయ్యి ఎత్తబోయాడు. ఈలోగా రిఫరీ బల్ల వైపు తిరిగి ఒక చేతి పిడికిలి, ఇంకో చేతి మూడు వేళ్లు చూపించాడు. పది, మూడు. పదమూడు. ఫిన్నీ చెయ్యి భుజం దాకా వచ్చి ఆగి, నుదుటి చెమట తుడుచుకుని కిందికి దిగింది.

గుడ్రున్ అది చూసింది. షీటు మీద పన్నెండుకీ నాలుగు ఫౌళ్లే, పదమూడుకీ నాలుగు ఫౌళ్లే. ఎవరిది ఐదోదైతే వాళ్లు బయటికి పోవాలి. ఫిన్నీ ఆ రోజు అప్పటికే ఇరవై తొమ్మిది పాయింట్లు వేశాడు. ప్రెల్ వేసింది నాలుగు. హారన్ మీటకీ ఆమె వేలికీ మధ్య జానెడు దూరం. ఆమె నీలం పెన్నుతో పదమూడు ఎదురుగా ముప్పై ఎనిమిది అని రాసింది.

ప్రెల్ బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "నేను కాదు! గుడ్రున్, నువ్వు చూశావుగా! చెప్పు వాడికి!"

"రిఫరీ చూపించిందే రాస్తాను" అంది ఆమె.

అది నియమమే. ఎవరూ తప్పుపట్టలేదు. ప్రెల్ బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. ఆట మొత్తం అతను కదలనివ్వని ఆ గార్డు ఫౌల్‌కి దక్కిన రెండు ఫ్రీ త్రోలూ బుట్టలో వేసి, ఆ తర్వాత మిగిలిన కాసేపట్లో ఏడు పాయింట్లు వేశాడు. ఫిన్నీ ఆఖరి బంతి బుట్ట అంచుకి తగిలి బయటపడింది. డెబ్బై ఒకటి, డెబ్బై మూడు.

జూన్‌లో ఫిన్నీ వెళ్లిపోయాడు. ప్రెల్ ఊళ్లోనే ఉండిపోయి, తండ్రి హీటర్ల వ్యాపారం అందుకున్నాడు. అతనికి ఐదో ప్రెల్ అని పేరు పడింది. బీరుహాల్లో ఐదో గ్లాసుని ఇప్పటికీ మా ఊళ్లో ప్రెల్ అనే అంటారు. ఐదోది తాగితే ఇక లేచి ఇంటికి పోవాల్సిందేనని. "ఒక ప్రెల్ పోయించుకుని బయల్దేరనా?" అంటాడు ఒకడు. "నేను నాలుగుతో ఆపేస్తా, నాకు జట్టు ముఖ్యం" అంటాడు ఇంకొకడు. ప్రెల్ అక్కడే ఉంటే అతనూ నవ్వుతాడు. అతని కొడుకులు రోట్‌మూల్‌లో ఏ జట్టుకీ ఆడలేదు.

ఏటా అక్టోబరులో గుడ్రున్ ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ శుభ్రం చేసేది అతనే. పని అయ్యాక కాఫీ తాగి, వాతావరణం గురించీ, ఆమె భర్త పోయినప్పటినుంచీ పెద్దదైపోయిన ఇంటి గురించీ రెండు మాటలు మాట్లాడి వెళతాడు. ఆ ఏప్రిల్ గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

డెట్లెఫ్ ఇచ్చిన పేజీలు ఆ రాత్రి వంటింటి బల్ల మీద పరిచి ఆమె అంకెలన్నీ సరిచూసింది. రెండుచోట్ల స్కోర్లు తిరగబడి ఉంటే దిద్దింది. చివర్లో తన ఫొటో ఉంది. దాని మీద ‘పక్షపాతం ఎరుగని చెయ్యి’ అని శీర్షిక. శనివారం ఆట ముందు ఆమెకు క్లబ్బు గౌరవ చిహ్నం, కోటుకి పెట్టుకునే బంగారు పిన్ను ఇస్తారని కింద రాసి ఉంది. తొంభై ఒకటి పేజీ మీద ఆమె ఏమీ దిద్దలేదు. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

గురువారం మధ్యాహ్నం ప్రెల్ వర్క్‌షాపుకి వెళ్లింది. అతను రాగి గొట్టం కోస్తున్నాడు.

"బాయిలర్ ఆగిపోయిందా? వచ్చే వారం రాసుకున్నానే నీది."

"బాగానే ఉంది. రైనర్, అది నువ్వు కాదు. ఫిన్నీ. నేను చూశాను."

అతను రంపం ఆపలేదు. గొట్టం రెండు ముక్కలయ్యాక అంచు మీద బొటనవేలు పెట్టి గరుకు చూశాడు.

"చూశావని నాకు తెలుసు" అన్నాడు. "నీ కళ్లు ఫిన్నీ చెయ్యి మీదే ఉన్నాయి. తర్వాత కాగితం మీదికి దిగాయి. నేను నీ ఎదురుగానే నిలబడ్డానుగా."

"మరి ఇన్నేళ్లూ..."

"ఏమనమంటావు? గుడ్రున్ అబద్ధం రాసిందని బీరుహాల్లో చెప్పమంటావా? మా ఆవిడే నమ్మదు."

"అబద్ధం రాయలేదు. రిఫరీ చూపించిందే..."

"ఆ మాట మళ్లీ అనకు" అన్నాడు ప్రెల్. గొంతు పెద్దదేం కాలేదు. "పదకొండుసార్లు హారన్ నొక్కావట, ఊరంతా కథలు చెప్పుకుంటుంది. నా ఒక్కడి దగ్గరే నీ వేలు పడిపోయిందా?"

ఆమె ఎక్కడ చెయ్యి ఆన్చాలో తెలియక పనిబల్ల అంచు పట్టుకుంది. "వాడు ఉంటే గెలుస్తాం అనుకున్నాను. అంతే. నువ్వు ఆ ఒక్క ఆటకే బయటికి పోతావు అనుకున్నాను."

"గెలిచి ఉంటే?"

"ఎవరూ గుర్తుపెట్టుకునేవాళ్లు కాదు. నేను తప్ప."

ప్రెల్ ఒకసారి నవ్వాడు, బీరుహాల్లో నవ్వే నవ్వు కాదు. "నువ్వు కూడా మా మనిషివే అన్నమాట. ఇన్నేళ్లూ ఆ బల్ల దగ్గర ఎవరి మనిషివో తెలిసేది కాదు." గొట్టం ముక్కను డబ్బాలో వేశాడు. "సరే, చెప్పావు. నాకు చెప్పి ఏం లాభం? నేను అక్కడే ఉన్నాను. తెలియనివాళ్లకి చెప్పు."

ఆమె ఇంకేదో అనబోయింది. అతను అప్పటికే రెండో గొట్టం బిగించి రంపం ఆనించాడు.

శుక్రవారం పొద్దున డెట్లెఫ్ క్లబ్బు గదిలో ఫొటోల కింద పేర్లు అంటిస్తున్నాడు. గుడ్రున్ పేజీల కట్ట అతని ముందు పెట్టి, కూర్చోకుండానే మొత్తం చెప్పింది. హారన్ ఎంత దూరంలో ఉందో కూడా చెప్పింది.

డెట్లెఫ్ కళ్లజోడు తీసి తుడిచాడు. "ఎవరికైనా చెప్పావా?"

"రైనర్‌కి."

"ఇంక ఎవరికీ వద్దు. వాక్యం మార్చేస్తా. ‘ఐదో ఫౌల్’ తీసేసి ‘దురదృష్టవశాత్తూ’ అని పెడతా. రైనర్‌కి చాలు, నీకూ చాలు."

"దురదృష్టం కాదు అది."

"ఒక్కసారి ఆలోచించు గుడ్రున్! ఈ పుస్తకం మొత్తం నీ షీట్ల మీదే నిలబడింది. యాభై ఏళ్ల లెక్క. ఒక్క షీటు తప్పని నువ్వే వేలెత్తి చూపితే, రేపు ప్రతివాడూ లేస్తాడు, నాకూ అన్యాయం జరిగిందని. ఎనభై ఆరు ఆటకి ఒకడు, రెండు వేల తొమ్మిదికి ఒకడు. మిగతా ఆరు వందల చిల్లర షీట్లని ఎవడు నమ్ముతాడు?"

"నమ్మకపోవచ్చు."

"ఆ పిన్ను చేయించడానికి ప్రెసిడెంటు మ్యూనిక్ వెళ్లాడు తెలుసా? పెట్టెలో పెట్టి ఉంది. రేపు రెండు వేల మంది ముందు..."

"అందుకే రేపు" అంది గుడ్రున్. సంచి జిప్పు లాగింది. "పిన్ను పెట్టేవేళ మైకు నాకు ఇవ్వండి, నేనే చెప్తాను. రేపటి ఆటకి స్కోరు రాయడానికి వేరే మనిషిని పిలుచుకోండి."