తలుపు వెనక మూడు ఫ్రేములు

మానుకోటలో నేను పదకొండేళ్లు సినిమాలు ఆడించిన టాకీసును మిర్చి గోదాముగా మార్చి రెండేళ్లయింది. అయినా ఆ హాల్లో దయ్యం ఉండేదన్న మాట మాత్రం పోలేదు. పోయిన నెల జనగామ బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు ఆ సంగతే చెప్పుకుంటున్నారు. సినిమాలో లేని మనిషిని చూసి ఒక కోడలికి మతి పోయిందట, అత్తింటివాళ్లు ఆమెను రేగొండలో పుట్టింట దింపి వచ్చారట. ఆ కోడలి పేరు యాకమ్మ. ఆమెకు మతి పోలేదు, తప్పు చేసింది నేను. నేను రాయకపోతే ఆమె మీద ఆ మాట అట్లాగే నిలిచిపోతుంది. అందుకే రాస్తున్నాను.

అది 1977 ఎండాకాలం. నేను ఆపరేటర్‌ని, అంటే ప్రొజెక్టర్ నడిపేవాణ్ణి. 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతబడినప్పుడు జనగామలో పీయూసీ చదువుతున్నాను. తరగతులు లేని ఆ నెలల్లో గ్రంథాలయంలో కూర్చోవడం అలవాటైంది. కాలేజీ తెరిచాక మళ్లీ పోలేదు గాని గ్రంథాలయం మానలేదు. అక్కడి లైబ్రేరియన్ మొగిలయ్య సారు, సినిమాలు తీసే పద్ధతుల గురించిన ఒక ఇంగ్లీషు పుస్తకం, అట్ట ఊడిపోయినది, నా చేతిలో పెట్టాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఏడు నెలలు చదివాను. మిగతా ఆపరేటర్లకు సినిమా నడపడమే తెలుసు, అది మనిషిని ఎట్లా పట్టుకుంటుందో నాకు తెలుసు అనుకునేవాణ్ణి.

ఆ ఎండాకాలం ఒక సినిమా వచ్చింది. దయ్యాల కథ కాదు, తన మనసునే తాను నమ్మలేని ఒక మనిషి కథ. దాని మొదటి ఐదు నిమిషాలు నాకు పాఠంలా కనిపించాయి. పేర్లు పడవు. సంగీతం లేదు. పొడుగాటి వసారా, చివర మూసిన తలుపు. ఎక్కడో నల్లా నుంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు. ఒక ఆడమనిషి పాదాల క్లోజప్, అంటే బాగా దగ్గరగా తీసిన షాట్. ముఖం చూపించరు. ముఖం చూపిస్తే ఆమె భయం ఆమెది. చూపించకపోతే ఆ భయం మనం పడాలి. కెమెరా మనిషి నడక కంటే నెమ్మదిగా తలుపు వైపు జరుగుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. తర్వాతి చుక్క కోసం హాలంతా చెవులు రిక్కిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. లోపల చీకటి. నాలుగు సెకన్లు తెర మీద ఏమీ ఉండదు, చుక్క కూడా పడదు. తర్వాత పెద్ద అక్షరాలతో సినిమా పేరు, ఒక్కసారిగా సంగీతం.

జనం ఉలిక్కిపడేది ఆ సంగీతానికి. కాని భయం పుట్టేది దానికి ముందున్న నాలుగు సెకన్లలో. ఖాళీ చోటు చూపించి, అందులో ఏముందో చూసేవాళ్లనే నింపుకోమంటాడు తీసినవాడు.

రెండో రోజు సరిగ్గా ఆ చీకటి దగ్గరే ఫిల్ము తెగింది. అంచు రంధ్రాలు చిరిగిపోవడంతో రెండడుగులు కత్తిరించాల్సి వచ్చింది. ఫిల్ము మీద సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలుంటాయి, ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. రెండడుగులు పోతే సెకనుకు పైగా పోయినట్టు. వేరే ఆపరేటరైతే రెండు కొసలూ గీకి, జిగురు రాసి అతికించేసేవాడు. ఆ అతుకును స్ప్లైస్ అంటాం. నాకు అది నచ్చలేదు. చీకటి పొడుగు తగ్గితే భయం తగ్గుతుందని నా చదువు చెప్పింది. పాత సినిమాల తుక్కు ముక్కల డబ్బాలో వెతికి అంతే పొడుగున్న నల్ల ముక్క ఒకటి తీశాను. ప్రొజెక్టర్ ఉండే క్యాబిన్లోని బల్బుకు అడ్డం పెట్టి చూస్తే నలుపు తప్ప ఏమీ లేదు. దాన్ని మధ్యలో అతికించాను. చీకటి మళ్లీ నాలుగు సెకన్లయింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు మ్యాట్నీకి మిర్చి ఏరే ఆడవాళ్లు కొందరు వచ్చారు. ఎండిన మిర్చిలో తెల్లబడిన తాలుకాయలను ఏరి పక్కన పడేయడం వాళ్ల పని. వాళ్లలో యాకమ్మ ఉంది. పక్కనే ఆమె అత్త లచ్చమ్మ, లచ్చమ్మ చంకలో యాకమ్మ రెండేళ్ల కొడుకు. తెర మీద తలుపు తెరుచుకోగానే యాకమ్మ బెంచీ మీది నుంచి లేచి, “అండ్ల ఒకామె నిలవడ్డది, నా దిక్కే చూస్తున్నది” అన్నదట. పక్కవాళ్లెవరికీ ఏమీ కనిపించలేదు. నేనూ చూడలేదు. రీలు మొదట్లో ఆపరేటర్ కళ్లు తెర మీద ఉండవు, వెలుగునిచ్చే కార్బన్ కడ్డీల మీద ఉంటాయి.

మూడు రోజుల తర్వాత పొద్దున లచ్చమ్మ టాకీసుకు వచ్చింది.

“కొడుకా, బొమ్మ ఆడిచ్చేది నువ్వే గదా. ఆ తలుపు ఎనక ఎవలన్న ఉన్నరా?”

“ఎవలు లేరవ్వా. ఒట్టి చీకటి.”

“మా కోడలు ఉన్నదంటది. ఆ దినం కెళ్లి లోపలి అర్రల అడుగు వెడ్తలేదు. తలుపు తెరిచి బయటనే నిలవడి చూస్తది. పిలిస్తె పలుకది. పిలగాడు ఏడ్చినా ఎత్తుకుంటలేదు.”

నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాను. “చీకటి చూపిస్తె మన మనసే అండ్ల మనిషిని నిలవెడ్తదవ్వా. ఆమె చూసింది తెర మీద కాదు, తన తలకాయల.”

“అంటె లేనిది చూసినట్టేనా?”

“అంతే.”

లచ్చమ్మ లేచింది. “సదువుకున్నోనివి నువ్వే అంటివి. ఇగ ఎల్లుండి రేగొండల తల్లిగారింట్ల దింపొస్త. పిలగాడు నా దగ్గర్నే ఉంటడు. మతి తప్పినదాని చేతుల పసిపోరన్ని ఎట్ల వెట్టుమంటవ్?”

నా మాటతో ఒక బిడ్డ తల్లికి దూరమవుతున్నాడని అప్పుడు తెలిసింది. అయినా నా మాటకు అంత విలువ ఇచ్చినందుకు లోపల ఎక్కడో సంతోషం కూడా కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉంది.

లచ్చమ్మ చెప్పిన రోజు పొద్దున పదకొండు గంటలకు యాకమ్మ బట్టల మూటతో గేటు దగ్గరికి వచ్చింది. లచ్చమ్మ పిల్లవాణ్ణి ఎత్తుకుని బయటే నిలబడింది. గేటు కాసే కొమురయ్య అడ్డం చెప్పకుండా యాకమ్మను లోపలికి పంపాడు.

“అన్నా, బస్సు ఒంటిగంటకున్నది. ఆ తలుపు ఇంకొక్కసారి చూపియ్యి.”

“చూస్తె ఇంకింత భయమైతది చెల్లె.”

“ఉంటె ఉన్నదని చెప్త. లేకుంటె నాకే మతి తప్పిందని ఒప్పుకొని బస్సెక్కుత. పిలగాన్ని గూడ అడుగ.”

ఆమెను బెంచీల మధ్య కూర్చోబెట్టి క్యాబిన్‌లోకి వెళ్లాను. చప్పుడు తీసేస్తే సగం భయం పోతుందని స్పీకర్లు ఆపేసి రీలు నడిపాను. ఖాళీ హాలు. వసారా, పాదాలు, తలుపు వైపు కదలిక. స్పీకర్లు ఆపినా నాకు చుక్కలు వినిపించాయి. ఎండకు పైకప్పు రేకులు ఒక్కొక్కటే టిక్కుమంటున్నాయి, ఎడం పెంచుకుంటూ. ఆ ఒక్క నిమిషం నా చదువు నాకు తోడు రాలేదు. తలుపు తెరుచుకుంది.

“ఉన్నది,” అన్నది కింది నుంచి. గొంతు పెంచలేదు.

ప్రొజెక్టర్ ఆపి దిగి వచ్చాను. “ఎట్లున్నది ఆమె?” అని నవ్వుతూనే అడిగాను.

“ముసల్ది గాదు. కొంగు నోటికి అడ్డం వెట్టుకున్నది. కుడి చెవుకు కమ్మ ఉన్నది, ఎడమ చెవుకు లేదు.”

“అంత జల్దిల కమ్మ గూడ చూసినవా?”

“దినాం వేల కాయలు నా చేతులకెళ్లి పోతయన్నా. ఒక్క తాలుకాయ దాటిపోయినా తిట్లు వడేది నేనే.”

 మనసు ఊహించుకున్న దయ్యానికి విరబోసిన జుట్టు ఉంటుంది, ఎర్రటి కళ్లుంటాయి. ఒక చెవికి కమ్మ లేకుండా ఎవరూ ఊహించుకోరు.

రీలు విప్పి చేత్తో వెనక్కి చుట్టడం మొదలుపెట్టాను. వేళ్ల మధ్య గరుకుగా తగిలింది, నా స్ప్లైస్. ఆ ముక్కను గేటు దగ్గరికి తెచ్చి ఎండకు ఎత్తి భూతద్దం పెట్టాను. నలుపు, నలుపు, నలుపు. చివర మూడు ఫ్రేముల్లో ఒక ముఖం. నోటికి అడ్డంగా కొంగు. ఒక చెవికి కమ్మ. బల్బు ముందు నల్లగా ఉన్న ముక్క, కార్బన్ మంట ముందు నల్లగా లేదు. మూడు ఫ్రేములంటే సెకనులో ఎనిమిదో వంతు. హాలంతా రెప్ప వేసేలోపు అది వచ్చి పోయేది. యాకమ్మ రెప్ప వేయలేదు.

భూతద్దం లచ్చమ్మ చేతికిచ్చి, “అవ్వా, నీ కోడలు చూసింది నిజమే. ఈ ముక్క అతికించింది నేనే. ఆ దినం చూడకుంటనే నీకు చెప్పిన” అన్నాను.

ఆమె చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

“ఇన్ని పుస్తకాలు సదివితివి. నీ చేతులున్నదే నీకు కనవడకపాయె.”

“అవునవ్వా.”

“గా సదువు కంటె మా తాలుకాయలే నయం.”

లచ్చమ్మ చంకలో ఉన్న పిల్లవాణ్ణి యాకమ్మకు అందించి, ఆమె చేతిలోని మూట తాను తీసుకుంది. ఇద్దరూ బస్టాండు వైపు కాకుండా ఇంటి వైపు నడిచారు.

ఆ మధ్యాహ్నమే ఆ ముక్క మొత్తం కోసేసి మిగిలిన కొసలు అతికించాను. చీకటి మూడు సెకన్ల లోపే మిగిలింది. అసలు విచిత్రం అప్పటి నుంచి మొదలైంది. సంగతి ఊరంతా పాకడంతో కురవి నుంచీ, జఫర్‌గఢ్ నుంచీ కూడా జనం వచ్చారు. తలుపు తెరుచుకోగానే బెంచీలకు బెంచీలు కళ్లు మూసుకునేవి. బయటికి వచ్చి ఆమెను చూశామనేవాళ్లు. జుట్టు విరబోసుకుందనేవాళ్లు, కొందరు పిలిచిందని కూడా అనేవాళ్లు. ముఖం ఉన్నప్పుడు చూసింది ఒక్కతే. ముఖం తీసేశాక చూడనివాళ్లు తక్కువ.

చివరి రోజు యాకమ్మ అత్తతో కలిసి మళ్లీ వచ్చింది. ఆట వదిలాక క్యాబిన్ మెట్ల దగ్గర ఆగి, “పోయిందన్నా” అని చెప్పి వెళ్లింది.

ఖాళీ చోటు భయం పుట్టిస్తుందని పుస్తకం చెప్పింది, అది నిజమే. కాని ఆ చోటు ఖాళీగా ఉందో లేదో ముందు చూసుకోవాలని నాకు నేర్పింది యాకమ్మ. ఆ తర్వాత ఎవరు ఏది కనిపించిందన్నా, ముందు నా చేతిలోని రీలు ఎండకు పెట్టి చూశాకే జవాబు చెప్పాను.

ఇది రాయమని చెప్పి, రాసింది ఓపికగా దిద్దిన మొగిలయ్య సారుకు నా కృతజ్ఞతలు. ఆ రోజు గేటు తీసిన కొమురయ్యకు, తన పేరు దాచకుండా రాయమన్న యాకమ్మకు, నా మొహం మీదే నిజం చెప్పిన లచ్చమ్మవ్వకు కూడా. ఆ ముక్క ఇప్పటికీ నా డబ్బాలో ఉంది. అది ఏ సినిమాలోదో పదేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు. ఆ ఒంటి కమ్మ మనిషి పేరు తెలిసి ఉంటే ఇక్కడ ఆమె పేరు కూడా రాసేవాణ్ణి.