వేలు దూరే ముడి

కట్టంగూరు దగ్గర మా ఊరి గడిలో ఒక దొర ఉండేవాడు. మనుషుల సంగతి అడగకండి గాని, మల్లెతీగ అంటే ఆయనకు ప్రాణం. తీగను పందిరికి కట్టడానికి నారతాడు పనికిరాదు, కొమ్మ కోసుకుపోతుందట. పాత నూలుచీర చింపిన మెత్తటి పేలికలతో, గడిలో వెట్టి చేసే మా బాపు కట్టాలి. కట్టిన ప్రతి ముడిలోనూ దొర చిటికెన వేలు దూర్చి చూసేవాడు.

"వేలు దూరాలెరా. దానికీ పానమున్నది గదా!" అనేవాడు.

వెట్టికి రానివాళ్లను మాత్రం గడి స్తంభానికి గొడ్లను కట్టే పలుపుతాడుతో కట్టించేవాడు. అక్కడ వేలు దూర్చి చూసిన పాపాన పోలేదు.

వెట్టి వద్దన్న సంఘం వాళ్లు గడి మీద పడిన రోజు నౌకర్లంతా పరారయ్యారు. దొరను అదే స్తంభానికి ఆనించారు. సంఘంలో కలిసిన బాపు పలుపుతాడు అందుకోగానే దొర బతిమాలాడు.

"జర వదులుగ కట్టురా, వేలు దూరాలె!"

బాపు తాడు పడేసి, మల్లెపందిరి పేలికతోనే ఆయన చేతులు కట్టాడు. వేలు దూర్చి చూసి, "దూరింది దొరా" అన్నాడు. గడిలోని ధాన్యం పంచుకుని అందరూ వెళ్లిపోయారు.

గుంజితే ఊడొచ్చే ముడి అది. పుట్టి బుద్ధెరిగి ఒక్క ముడీ సొంతంగా విప్పని దొర కేకలు మాత్రం పొద్దుగూకేదాకా మా వాడకు వినబడుతూనే ఉన్నాయి.

"ఎవడున్నడ్రా ఆడ? వచ్చి ముడి ఇప్పు!"